నింజా టర్టిల్స్‌లో క్రాంగ్ ఒకడా, ఒక జాతా? ఏ వరసలో చూడాలి?

నింజా విద్య నేర్చిన తాబేళ్ల ఈ కథల్లో మెదడు ఆకారపు విలన్ క్రాంగ్ పాత కార్టూన్‌లో ఒక్కడే, 2012 సీరీస్‌లో గుంపులు గుంపులుగా ఉన్నారు, కామిక్స్‌లో అదే ఆకారాన్ని యూట్రోమ్ అంటున్నారు, ఏది అసలు అని అడిగారు. అన్నీ అసలైనవే. కాకపోతే ముందు పుట్టింది యూట్రోమ్‌లు, క్రాంగ్ తర్వాత వచ్చాడు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ 1984లో మొదలుపెట్టిన కామిక్స్‌లో యూట్రోమ్‌లు మెదడు ఆకారంలో ఉండే గ్రహాంతర జీవులు. మనిషి రూపంలో ఉన్న యంత్రం పొట్టలో కూర్చుని తిరుగుతారు. కానీ వాళ్లు దుర్మార్గులు కారు. భూమ్మీద చిక్కుకుపోయి ఇంటికి వెళ్లే దారి వెతుక్కుంటున్నవాళ్లు. 1987 కార్టూన్ ఆ ఆకారాన్ని మాత్రం తీసుకుని, మంచితనాన్ని పక్కన పెట్టేసింది. అలా తయారైనవాడే క్రాంగ్: డైమెన్షన్ ఎక్స్ అనే మరో లోకంలో సేనాధిపతి, శరీరం పోయి మెదడు మాత్రం మిగిలినవాడు.

చాలామంది ఈ కార్టూన్‌ని మధ్యలో ఏదో సీజన్ నుంచి చూస్తారు. అక్కడే దెబ్బతింటారు. 1987 డిసెంబర్‌లో వచ్చిన మొదటి ఐదు ఎపిసోడ్‌లూ ఒకే కథ, రెండు గంటల లోపే అయిపోతుంది. తాబేళ్ల శత్రువు శ్రెడర్ తనకు శరీరం కట్టివ్వాలన్నది క్రాంగ్ షరతు. శ్రెడర్ వాయిదాలు వేస్తుంటాడు, క్రాంగ్ వెంటపడి సతాయిస్తుంటాడు. ఈ బేరం తెలియకపోతే తర్వాతి సీజన్లలో వాళ్లిద్దరి కీచులాట ఉత్త కామెడీలా అనిపిస్తుంది. నిజానికి అది బాకీ తగాదా. ఐదో ఎపిసోడ్‌లో శరీరం దొరికాక ఆగి చూడండి: బోడిగుండు, ఎర్ర చెడ్డీ, భుజాల మీంచి పట్టీలు, పొట్టలో గూడు, ఆ గూట్లో రెండు టెంటకిల్స్‌తో ఇతను. అంత పెద్ద ఒంటికి ప్రాణం బొడ్డు దగ్గర. ప్యాట్ ఫ్రేలీ ఇచ్చిన తడితడి గరగర గొంతు ఆ బొమ్మకి ఎంత అతికిందంటే, ఇంకొకరి గొంతు ఊహించుకోలేం.

2003 సీరీస్‌లో క్రాంగ్ ప్రధాన విలన్‌గా ఉంటాడని వెతక్కండి. అక్కడ యూట్రోమ్‌లు మళ్లీ మంచివాళ్లే. ఒక్క చెరెల్ తప్ప. అతనెవరో చెబితే ఆ సీరీస్ సగం పాడవుతుంది కాబట్టి చెప్పను.

2012లో క్రాంగ్ అన్నది జాతి పేరు, అధిపతి క్రాంగ్ ప్రైమ్. వీళ్ల మాట తీరు చూసి గుర్తుపట్టొచ్చు: "తాబేళ్లు అని పిలవబడే ఆ తాబేళ్లు" ధోరణిలో ప్రతిదీ చుట్టు తిప్పి అంటారు. వెతికేటప్పుడు ఒక కిటుకు: ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'ఎ' అక్షరం రెండుసార్లు వస్తే 2012 జాతి, ఒక్కసారే వస్తే 1987 వాడో, కొత్త కామిక్స్ వాడో, 2022 నెట్‌ఫ్లిక్స్ సినిమాలోని క్రాంగులో. రెండూ కలిపి వెతికితే వికీ పేజీలు కలగాపులగం అవుతాయి.

ఇక నా దృష్టిలో అందరికన్నా బలమైన క్రాంగ్ ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ 2011లో మొదలుపెట్టిన కామిక్స్‌లో ఉన్నాడు. ఇక్కడ రెండు పాయలూ కలిశాయి: ఇతను యూట్రోమే, సేనాధిపతీ ఇతనే. సొంత గ్రహం పాడైపోయింది, మిగిలిన తన వాళ్లు గాఢనిద్రలో ఉన్నారు. టెక్నోడ్రోమ్ ఇక్కడ పాత కార్టూన్‌లోలాగా తిరిగే కోట కాదు, భూమి వాతావరణాన్ని యూట్రోమ్‌లకు సరిపోయేలా మార్చేసే యంత్రం. అది పనిచేస్తే మనుషులు బతకరు. తన జాతిని కాపాడుకోవడానికే ఇంకో జాతిని తుడిచేయాలనుకుంటాడు, అందుకే వీడి మాటలకి జవాబు చెప్పడం కష్టం. 41 నుంచి 44 సంచికలు టెక్నోడ్రోమ్ మీద దాడి. 73 నుంచి 75 వరకు క్రాంగ్ మీద విచారణ. నేరుగా విచారణకు దూకితే సాక్షులెవరో, వాళ్ల కోపమేమిటో తెలియదు, మొదటి సంచిక నుంచే రండి. 75 పూర్తయ్యేదాకా వికీలో అతని పేజీ మాత్రం తెరవకండి.