రోలర్ కోస్టర్ కూడా ఎత్తిపోతల పథకమే

"కర్నూలు నుంచి పిల్లలతో హైదరాబాద్ థీమ్ పార్కుకు వెళ్తున్నాం, ఒకరు నాలుగో తరగతి, ఒకరు ఎనిమిది. ఆటలతో పాటు కాస్త సైన్సు, నీళ్లు, కరెంటు విలువ తెలిసేలా చేయడం ఎలా?" అని అడిగారు. మాది అనంతపురం. నేను టీచర్ను కాదు, బోరు మోటార్లు రీవైండింగ్ చేసే షాపు నడుపుతాను. మా పిల్లలిద్దరినీ బెంగళూరు వైపున్న ఒక పార్కుకు రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి కొంచెం దారిలో పెట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

మొదటిసారి నేను ఇరవై ప్రశ్నలు రాసిన కాగితం పట్టుకుని పోయాను. ప్రతి రైడ్ ముందూ ఆపి గురుత్వాకర్షణ, ఘర్షణ అంటూ మొదలుపెట్టేవాణ్ణి. మధ్యాహ్నానికి పెద్దది విసుక్కుంది: "నాన్నా, టికెట్ కొని మరీ క్లాసులో కూర్చోబెట్టావు." మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని మడిచి, తిరుగు ప్రయాణంలో పులిహోర డబ్బా కింద పరిచింది.

రెండోసారి కాగితం లేదు. రోలర్ కోస్టర్ క్యూలో ముప్పావు గంట నిలబడాలి కదా, అప్పుడు ఒకే ఒక్క మాట అడిగాను: "ఈ బండికి ఇంజిన్ ఎక్కడుందిరా?"

ఇద్దరూ వంగి వంగి చూశారు. బండికి ఇంజిన్ ఉండదు. కింద ఉన్న మోటారు ఒక చైన్‌తో దాన్ని మొదటి గుట్ట ఎక్కిస్తుంది, అంతే. అక్కడి నుంచి కిందికి పడటం, ఆ ఊపుతో మళ్లీ లేవడం, అంతా ఎక్కినప్పుడు దాచుకున్నదాన్ని ఖర్చు పెట్టుకోవడమే. ఎక్కేటప్పుడు వచ్చే టకటక చప్పుడు చైన్‌ది అనుకుంటారు చాలామంది. అది, ఒకవేళ చైన్ తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ల పట్టీ మీద పడుతూ పోయే కొక్కెం చప్పుడు. ఈ మాట చెప్పాక మా చిన్నోడికి భయం సగం తగ్గింది. రెండో గుట్ట మొదటిదాని కంటే ఎందుకు చిన్నదో పెద్దదే చెప్పింది. చక్రాల రాపిడికీ గాలికీ కొంత పోయింది కదా, అంత ఎత్తు మళ్లీ ఎక్కలేదు.

"అంటే మన హంద్రీ-నీవా లాంటిదా?" అన్నాడు చిన్నోడు. నేను ఆ పోలిక అనుకోనేలేదు. ఆ ఎత్తిపోతల పథకంలో శ్రీశైలం డ్యామ్ వెనుక నీళ్లను మాల్యాల దగ్గర మోటార్లతో ఎత్తి, మెట్టు మెట్టుగా పైకి తోస్తే, ఆ తర్వాత కాలువలో వాటంతట అవే పారి మా జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా వస్తాయి. ఎత్తి పోయడం, తర్వాత వదిలేయడం. అదే రోలర్ కోస్టర్. ఆ రోజు మిగతా రైడ్లన్నిటికీ వాళ్లే అడిగిన ప్రశ్న ఒకటే: "దీన్ని ఎవరు ఎత్తారు?" మీరు కూడా ఈ ఒక్క ప్రశ్నతో పోండి, చాలు.

లెక్క మాత్రం పార్కులో వేయించొద్దు. మేము రాత్రి లాడ్జిలో వేశాం. మనుషులతో సహా బండి నాలుగు టన్నులు, గుట్ట 20 మీటర్లు, ఎక్కడానికి 30 సెకన్లు అని ఉజ్జాయింపుగా అనుకున్నాం. బరువును ఎత్తుతోనూ 9.8తోనూ గుణించి సెకన్లతో భాగిస్తే దాదాపు 26 కిలోవాట్లు. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు కాబట్టి 35 హెచ్.పి. మా షాపుకు వచ్చే ఐదు హెచ్.పి. మోటార్లు ఏడు ఒకేసారి నడిపినట్టు. అరిగిపోయేది, వేడెక్కిపోయేది కలిపితే ఇంకా ఎక్కువే.

ఇక్కడ నేను కరెంటు దుబారా మీద ఉపన్యాసం ఇవ్వబోయాను. పెద్దది ఆపి, యూనిట్లలోకి మార్చింది. ఒక్కసారి ఎక్కించడానికి పావు యూనిట్ కూడా కాలేదు! ఆ లాడ్జి గదిలో ఏసీ గంటసేపు తిరిగితే అంతకంటే చాలా ఎక్కువ. "మరి మన కారు ఎంత తాగింది?" అని అడిగింది. పోను రాను సుమారు 30 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోల్లో తొమ్మిది యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది. అంటే 270 యూనిట్లు. ఆ బండిని వెయ్యిసార్లకు పైగా గుట్ట ఎక్కించవచ్చు. నిజం చెప్పాలంటే ఇంజిన్లో అందులో ముక్కాలు వంతు దాకా వేడిగానే పోతుంది, కానీ కాల్చింది కాల్చిందే కదా. నేను నేర్పుదామనుకున్న పాఠం వేరు, వాళ్లకు దొరికింది వేరు. నాకు కొంచెం సిగ్గేసింది కూడా.

పైనుంచి దబ్బున పడేసే టవర్ దగ్గర కింద నిలబడి సెకన్లు లెక్కపెట్టమనండి. బ్రేకు పడేదాకా ఒక సెకను అయితే ఐదు మీటర్లు, రెండు అయితే ఇరవై. ఇలాంటి చాలా రైడ్లకు అయస్కాంతపు బ్రేకులుంటాయి, కరెంటు పోయినా పనిచేస్తాయి. ఆ బ్రేకు ఎలా పట్టుకుంటుందో చూపించడానికి ఇంటికొచ్చాక అడుగున్నర రాగి గొట్టంలో బలమైన చిన్న అయస్కాంతం బిళ్ల వదిలాను. నింపాదిగా, ఎవరో పట్టుకుని దించుతున్నట్టు దిగింది. ఇనుప బోల్టు వేస్తే టప్పున పడింది. గొట్టం ఏసీ మెకానిక్ దగ్గర ముక్కగా దొరుకుతుంది. పదిమంది పిల్లలు మా షాపులో పోగయ్యారు ఆ వారం.

వేవ్ పూల్ గురించి మా చిన్నోడు అడిగింది వేరే. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన రోజులు చూసినవాడు. "ఇన్ని నీళ్లు రోజూ పారబోస్తారా?" అన్నాడు. పారబోయరు. అవే నీళ్లను ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ కలిపి మళ్లీ వదులుతారు. "అంటే అందరూ స్నానం చేసిన నీళ్లేనా!" అని ముఖం పెట్టాడు, అయినా దిగాడు. ఎండకు ఆవిరైనదీ, ఒంటి మీదా బట్టల్లోనూ బయటికి పోయినదీ, ఫిల్టర్ కడిగినదీ మాత్రం కొత్తగా పోయాలి. నైలాన్ డ్రెస్సే వేసుకోవాలని ఎందుకు పట్టుబడతారో కూడా ఇక్కడే చెప్పొచ్చు. కాటన్ నూలు పోగులు ఊడి ఫిల్టర్లో ఇరుక్కుంటాయి. నీళ్లు కూడా బాగా పీల్చుకుంటుంది. ఇంటి దగ్గర రెండిటినీ బకెట్లో ముంచి, నేను రాగి వైరు తూచే త్రాసులో పెట్టి చూశాం. కాటన్ బనియన్ బరువు మూడింతలు దాటింది, నైలాన్‌ది అందులో సగం కూడా పెరగలేదు.

మీది కర్నూలు కాబట్టి మాకు లేని ఒక సౌకర్యం మీకుంది. పార్కు నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం ఓర్వకల్లు రాక్ గార్డెన్ వైపు పోయినప్పుడు ఆ "ఎవరు ఎత్తారు" ప్రశ్నే గుర్తు చేయండి. గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. ఇంకొంచెం అవతల, పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టారు. పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయం నీళ్లను పై జలాశయానికి ఎత్తుతారు, సాయంత్రం కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎత్తే యంత్రమే వెనక్కి తిరిగి కరెంటు పుట్టిస్తుంది. రోలర్ కోస్టర్ ఎక్కి వచ్చిన పిల్లలకు దీన్ని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎక్కని పిల్లలకు నేను చెప్పి చూశాను, ఆవులించారు.

మీరు కారులో వెళ్తున్నారో రైల్లోనో రాయలేదు. కర్నూలు నుంచి కాచిగూడకు రైళ్లున్నాయి కదా. మేము ఈ దసరాకు మళ్లీ పోతున్నాం. మా పెద్దది ముందే రైలు టికెట్లు బుక్ చేయించింది, నలుగురికీ. కారు తాళాలు మా అన్నకిచ్చి రమ్మంది.