ఆర్టీమియా: మీ ప్రశ్నలు, మా జవాబులు

(ఆర్టీమియా ఉప్పునీటిలో బతికే చిన్న జీవి. పెంకు గట్టిపడిన దాని గుడ్లే సిస్టులు. వాటి నుంచి పొదిగిన పిల్లలే నాప్లీ, ఇవి రొయ్య లార్వాకు మేత.)

ప్రశ్న: డబ్బా మీద 90 శాతం పొదుగుతాయని రాసి ఉంది. మాకు సగం కూడా రావడం లేదు. సిస్టులు పాతవా?
– హేచరీ టెక్నీషియన్, కాకినాడ జిల్లా

జవాబు: సిస్టులను అనుమానించే ముందు ట్యాంకును చూడండి. లీటరుకు 2 గ్రాముల సిస్టులు, అంటే 500 లీటర్లకు కిలో. అంతకు మించితే ఆక్సిజన్ చాలదు, పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ 8 కంటే తగ్గితే పిల్ల పెంకు వదిలించుకోవడానికి సాయపడే ఎంజైము సరిగా పనిచేయదు. అందుకే లీటరుకు గ్రాము నుంచి 2 గ్రాముల దాకా సోడియం బైకార్బొనేట్ కలుపుతారు. ఉప్పదనం 25–30 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు), వేడి 28–30 డిగ్రీలు ఉండాలి. తొలి గంటల్లో నీటి మీద 2,000 లక్స్ వెలుగు పడాలి. ట్యాంకు అడుగు గరాటులా ఉండి, గాలి ఆ మొన నుంచే రావాలి. చదును అడుగైతే సిస్టులు మూలల్లో పేరుకుని అక్కడే చస్తాయి.

తెరిచిన డబ్బాను తేమ గాలికి వదిలేయకండి. సిస్టులో తేమ 10 శాతం దాటితే జీవక్రియ మొదలై, పొదగడానికి దాచుకున్న శక్తి వృథా అవుతుంది.

ఇక, ఎక్కువ పొదుగుతాయని 30 గంటలు ఆగడం మంచిది కాదు. 18–24 గంటల్లో తీసేయండి. ఆలస్యమైతే నాప్లీ సొన కరిగిపోయి పోషకం తగ్గుతుంది, ఒళ్లు పెరిగి రొయ్య లార్వా నోటికి అందదు. వెంటనే మేపలేకపోతే కడిగి, గాలి పెట్టి, 4 డిగ్రీల చల్లదనంలో ఒక రోజు ఉంచవచ్చు. సిస్టులు ఆదా చేయాలంటే ముందు ఈ పద్ధతులు సరిచేసుకోండి.

ప్రశ్న: ఉప్పు మడుల్లో ఆర్టీమియా పెంచవచ్చా?
– ఉప్పు రైతు, నౌపడా

జవాబు: పెంచవచ్చు, అన్ని మడుల్లో కాదు. 80 పీపీటీకి లోపు చేపపిల్లలు, నీటి పురుగులు దాన్ని తినేస్తాయి. ఉప్పు పేరే మడుల్లో బతకదు. నడిమి మడులు, సుమారు 80–120 పీపీటీ ఉన్నవి, అనువైనవి. ఉప్పు మడిలా పలుచగా నీరు పెడితే వేసవిలో కాగిపోతుంది. గట్టు ఎత్తి 40–50 సెంటీమీటర్లు నిలపండి. కోళ్ల ఎరువు నేరుగా ఈ మడిలో వేస్తే అడుగున నాచు చాపలా పరుచుకుంటుంది, అది ఆర్టీమియాకు అందని మేత. వేరే గుంటలో ఎరువు వేసి పచ్చనీరు (సన్న నాచు పెరిగిన నీరు) తయారుచేసి, వలగుడ్డలో వడగట్టి పంపండి. అడుగును గొర్రుతో కదిలిస్తూ ఉండాలి.

అప్పుడే పొదిగిన నాప్లీని, లీటరుకు 60–100 లెక్కన, సాయంత్రం చల్లబడ్డాక వదలండి. వియత్నాంలోని విన్ చౌ ఉప్పు రైతులు ఎండాకాలంలో ఇలాగే పెంచి సిస్టులు తీస్తున్నారు. రెండు మూడు వారాలకు గాలి తోసిన ఒడ్డున గోధుమరంగు నురగ కనిపిస్తుంది, అందులో ఉండేవి సిస్టులే. దాన్ని రోజూ తీసి, చిక్కటి ఉప్పునీటిలో వేయండి. వదిలేస్తే ఎండ తగిలి చెడిపోతాయి, వాన పడితే అక్కడే పొదిగి చస్తాయి. నాచును ఆర్టీమియా తినేస్తుంది కాబట్టి ఉప్పునీరు తేటపడి ఉప్పు కూడా బాగుంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డబ్బాలో వచ్చేది ఎక్కువగా అమెరికా జాతి, ఫ్రాన్సిస్కానా. తూత్తుకుడి మడుల్లో మగది లేకుండానే పిల్లలు పెట్టే ఆర్టీమియా ఉంది. పోర్చుగల్, స్పెయిన్ ఉప్పు మడుల్లో ఫ్రాన్సిస్కానా ప్రవేశించాక స్థానిక జాతులు చాలాచోట్ల కనుమరుగయ్యాయి. ముందు మీ మడుల ఒడ్డు వెతకండి. స్థానికమైనవి దొరికితే అవే వాడండి. హేచరీలు కూడా మిగిలిన నాప్లీని, పొదగని సిస్టులను క్లోరిన్ వేసి చంపకుండా కాలువలోకి వదలకూడదు.

ప్రశ్న: అమెరికా సరస్సులో సిస్టులు ఎంత తీసినా తరగవా?
– రొయ్య రైతు, భీమవరం

జవాబు: తరుగుతాయి. అందుకే యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో సిస్టుల వేట అక్టోబరు నుంచి జనవరి వరకే. వసంతంలో మళ్లీ పొదగడానికి లీటరు నీటికి 21 సిస్టులు మిగలాలని లెక్క. అంతకు దిగితే వేట ఆపేస్తారు. 2022లో సరస్సు మట్టం రికార్డు స్థాయికి పడిపోయి ఉప్పదనం పెరిగినప్పుడు, మరింత ఉప్పగా ఉండే ఉత్తర భాగం నీరు దక్షిణ భాగంలో కలవకుండా 2023లో మధ్యలోని రైలు కట్ట గండికి వేసిన అడ్డుకట్టను ఎత్తు చేశారు.