చర్చి సిబ్బందికి ఉద్యోగ విధుల పత్రం ఎలా రాయాలి?

ముందు పని రాయండి, మనిషిని తర్వాత వెతకండి. చాలా సంఘాల్లో ఇది తిరగబడుతుంది. ఇష్టమైన విశ్వాసి ఒకరు కనబడగానే ఆయనకు సరిపోయేలా పదవి పుట్టుకొస్తుంది. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో క్రమం చూడండి: విధవరాండ్రకు రోజువారీ భోజనం పంచడంలో లోటు కనబడింది, ఎలాంటి వారు కావాలో చెప్పారు, ఆ తర్వాతే ఏడుగురిని ఎన్నుకున్నారు.

‘యువజన పరిచర్యను అభివృద్ధి చేయాలి’ అని రాస్తే ఏడాది చివర ఎవరూ ఏమీ తేల్చలేరు. ‘ప్రతి శుక్రవారం సాయంత్రం యువజన కూడిక నడపాలి, నలుగురు స్వచ్ఛంద సేవకులకు తర్ఫీదు ఇవ్వాలి, నెలకోసారి ఖర్చుల లెక్క కోశాధికారికి చూపాలి’ అంటే సంఘానికీ ఉద్యోగికీ స్పష్టత ఉంటుంది.

ఎవరికి జవాబుదారీ అన్నదానికి ఒక్క పేరే ఉండాలి. పాస్టర్ ఒకటి, పెద్దలు మరొకటి చెబితే నలిగిపోయేది ఉద్యోగే. జీతం, పని గంటలు కూడా రాయండి. ఆదివారం వీరికి పనిదినం కాబట్టి వారంలో సెలవు ఏ రోజో ముందే తేల్చాలి. జీతానికి చేసే పని ఎక్కడ ఆగుతుందో, విశ్వాసిగా ఇష్టంతో చేసే సేవ ఎక్కడ మొదలవుతుందో చెప్పకపోతే, గాయక బృందం నాయకుడే కుర్చీలు సర్దుతూ కనిపిస్తాడు.

‘అప్పగించిన ఇతర పనులు’ అనే వాక్యం నాకైతే అనుమానమే. తప్పదనుకుంటే వారానికి ఇన్ని గంటలని హద్దు పెట్టండి.