పాత గేములకు పిక్చర్ ట్యూబ్ టీవీనా, ఈఎంఐలో 4కే టీవీనా?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాను. నెలకు 28,000 చేతికి వస్తుంది. బైక్ ఈఎంఐ 3,200తో కలిపి 22,000 ఖర్చవుతుంది. బ్యాంకులో 40,000 ఉంది. చిన్నప్పటి క్యాసెట్ల టీవీ గేమ్ తుపాకీతో సహా ఉంది. ప్లేస్టేషన్ 1, ప్లేస్టేషన్ 2 కూడా పనిచేస్తున్నాయి. ఇంట్లో 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ ఉంది గానీ దాంట్లో పాత గేముల బొమ్మ మసకగా వస్తోంది. మా ఊరి మెకానిక్ 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ 2,500కు ఇస్తానంటున్నాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపువాళ్లు 43 అంగుళాల 4కే టీవీ నగదుకైతే 27,500, నో కాస్ట్ ఈఎంఐ అయితే నెలకు 2,500 చొప్పున 12 నెలలు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: పిక్చర్ ట్యూబ్ టీవీ కొనండి. కానీ ఈ వారమే కాదు, 2,500కే అయిపోతుందనుకునీ కాదు. 4కే టీవీ ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

ముందు ఆ ఈఎంఐ సంగతి. నగదు ధర 27,500 అయిన వస్తువుకు 12 నెలల్లో 30,000 కడుతున్నారంటే తేడా 2,500 వడ్డీయే. వాయిదాల లెక్కన చూస్తే ఏడాదికి 16 శాతం పైచిలుకు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, అంటే మరో 450. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. మొత్తం 3,185 అదనం. నెలకు మీకు మిగిలేది 6,000. అందులో 2,500 ఏడాది పాటు టీవీకే పోతే, ఒక నెల జీతం ఆలస్యమైనా బైక్ వాయిదాకు బ్యాంకులో దాచిన డబ్బు తీయాల్సి వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. ఆ తగ్గింపు మీరు వచ్చే ఏడాది కొన్నా దొరికేదే, తొందరేమీ లేదు.

ఇక అసలు విషయం. అంత డబ్బు పోసినా మీ గేములు ఆ 4కే టీవీలో బాగుండవు. టీవీ గేమ్, ప్లేస్టేషన్ 1 పంపే బొమ్మ సుమారు 240 గీతలది. పాత టీవీ దాన్ని ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. కొత్త టీవీలు చాలావరకు దాన్ని 480 గీతల ఇంటర్‌లేస్డ్ (గీతలను ఒకటి విడిచి ఒకటి రెండు విడతల్లో గీసే) సిగ్నల్‌గా పొరబడి, రెండేసి ఫ్రేములు కలిపి, పెద్దది చేసి చూపిస్తాయి. మీ ఎల్ఈడీలో మసకకు కారణం ఇదే. ఆ కలపడానికి పట్టే సమయం వల్ల బటన్ నొక్కిన తర్వాత ఆటలోని బొమ్మ కాస్త ఆగి గెంతుతుంది. 240ని 9తో గుణిస్తే 2160, అంటే 4కే తెరకు లెక్క సరిగ్గా కుదురుతుంది. కానీ ఆ పని శుభ్రంగా చేయాలంటే మధ్యలో రెట్రోటింక్ లాంటి స్కేలర్, అంటే పాత సిగ్నల్‌ను కొత్త తెరకు సరిపడా పెంచే పెట్టె, పెట్టాలి. అవి విదేశాల నుంచి తెప్పించాలి, ధర మీద కస్టమ్స్ సుంకం, కొరియర్ చార్జీ పడతాయి. మూడు నాలుగు వందలకు దొరికే ఏవీ–హెచ్‌డీఎంఐ డబ్బా కొనకండి. అదీ అదే పొరపాటు చేస్తుంది, పైగా 4:3 బొమ్మను (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు ఉండే పాత టీవీ కొలత) అడ్డంగా సాగదీస్తుంది.

తుపాకీ అయితే ఎంత ఖరీదైన కొత్త తెర మీదా పేలదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి గురి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపును తుపాకీ గొట్టంలోని సెన్సర్ పట్టుకుంటుంది. ఎల్ఈడీ తెర ఆలస్యంగా, వేరే తీరున వెలుగుతుంది గనుక సెన్సర్‌కు ఏమీ అందదు. 100 హెర్ట్జ్ అని రాసి ఉన్న పాత ఫ్లాట్ టీవీలతోనూ ఇదే చిక్కు. మెకానిక్ అలాంటిది చూపిస్తే వద్దనండి. అల్ట్రా స్లిమ్ రకమూ వద్దు, అంచుల్లో గీతలు వంకరపోతాయి.

ప్లేస్టేషన్ 2కు మాత్రం మీ ఇంటి 32 అంగుళాల టీవీ చాలు. దాని వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే కొన్ని వందల్లో కాంపొనెంట్ కేబుల్ కొనండి. పసుపు పిన్ను తగిలించి ఉండగానే ప్లేస్టేషన్ సెట్టింగ్స్‌లో కాంపొనెంట్ అవుట్‌పుట్‌ను ఆర్‌జీబీ నుంచి వై–పీబీ–పీఆర్‌కు మార్చి, ఆ తర్వాతే కేబుల్ మార్చండి. లేకపోతే రంగులు తప్పుగా వస్తాయి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, బొమ్మ 4:3లో పెట్టండి.

పాత టీవీకి అసలు ఎంతవుతుందో చూద్దాం. టీవీ 2,500, ఆటో 500, ఎండిపోయిన కండెన్సర్లు మార్చి డ్రై సోల్డర్లు (వదులైన టంకపు అతుకులు) సరిచేయించడానికి 1,000, స్టెబిలైజర్, ఏవీ వైరు కలిపి 2,000. మొత్తం 6,000 అనుకోండి. కరెంటు గురించి బెంగ వద్దు. 80 వాట్ల టీవీ రోజుకు రెండు గంటలు ఆడినా నెలకు 4.8 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా 29 రూపాయలు.

డబ్బిచ్చే ముందు పరీక్షే ముఖ్యం. ఆ రోజు పొద్దుటి నుంచి టీవీ ఆన్ చేయకుండా ఉంచమని మెకానిక్‌కు ముందే చెప్పండి. వేడెక్కిన టీవీలో లోపాలు దాక్కుంటాయి. మీ టీవీ గేమ్, ప్లేస్టేషన్ 1 రెండూ మోసుకెళ్లండి. ఆన్ చేశాక బొమ్మ రావడానికి నిమిషం పైన పట్టినా, తెల్ల తెర ఎర్రగానో పచ్చగానో కనిపించినా ట్యూబ్ అరిగిపోయిందని లెక్క. బొమ్మ మీద ఏటవాలుగా సన్నని తెల్ల గీతలుంటే, అరిగిన ట్యూబ్‌ను కప్పిపుచ్చడానికి ఈహెచ్‌టీ (ట్యూబ్‌కు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీది స్క్రీన్ మరను పెంచి ఉంటారు. వెలుగు ఎక్కువైన సీన్‌లో బొమ్మ ఉబ్బి, చీకటి సీన్‌లో ముడుచుకుంటే పవర్ సప్లై బలహీనం. మూలల్లో రంగు మచ్చలుంటే పక్కన స్పీకరుందేమో చూడండి. దాన్ని తీసి, టీవీని అరగంట ఆపి ఆన్ చేస్తే పోవచ్చు. అమెరికా, జపాన్ డిస్కులు ఏవైనా ఉంటే అవీ పెట్టండి. పాల్ (మన దేశంలో వాడే టీవీ సిగ్నల్ పద్ధతి) మాత్రమే తీసుకునే టీవీలో అవి నలుపు తెలుపులో వస్తాయి, లేదా బొమ్మ పైకి కిందికి దొర్లుతుంది. కనీసం అరగంట ఆడండి.

లోపల చిటపట శబ్దం, నీలి మెరుపు కనిపిస్తే బేరం మానుకోండి. మన కోస్తా ఉప్పు గాలికి దుమ్ము తోడైతే ఈహెచ్‌టీ దగ్గర ఇలాగే లీకవుతుంది. వెనక మూత మీరు మాత్రం తీయకండి. ట్యూబ్ మీద సుమారు 25,000 వోల్టులుంటాయి, ప్లగ్గు తీశాక కూడా అందులో చార్జ్ మిగిలి ఉంటుంది. మెకానిక్ చేతనే మూత తీయించి, ఈహెచ్‌టీ మీది నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబరు పార్టు నెల్లూరులోనో ఒంగోలులోనో దొరుకుతుందో లేదో అడిగాకే డబ్బివ్వండి. పార్టు దొరికితే రిపేరు, దొరకకపోతే ఆ టీవీ పాత సామాను కిందే లెక్క. పిక్చర్ ట్యూబే పోతే కొత్తది దొరకదు. విదేశాల్లో పాత మానిటర్లు వేలకు వేలు పలుకుతున్నాయని ఎవరైనా చెప్పినా, దీన్ని ఆస్తిగా లెక్కేసుకోకండి. కావలిలో మీరు అమ్మబోతే 2,500 తిరిగి రావడం కూడా కష్టమే.

డబ్బు ఇలా సర్దండి. మూడు నెలల ఖర్చు 66,000 అత్యవసర నిధిగా ఉండాలి. మీ దగ్గర 40,000 ఉంది, అందులో రూపాయి కూడా తీయకండి. నెలకు మిగిలే 6,000లో 3,000 ఆ నిధికి, 3,000 టీవీకి. రెండు నెలల్లో టీవీ డబ్బు చేతికొస్తుంది. మూడో నెల నుంచి ఆ 3,000లో 500 ఈహెచ్‌టీ రిపేరు కోసం విడిగా పెట్టండి, నాలుగు నెలల్లో 2,000 అవుతుంది. నిధికి తక్కువపడ్డ 26,000 నెలకు 3,000 చొప్పున తొమ్మిది నెలల్లో నిండుతుంది. అప్పటికీ 4కే టీవీ కావాలనిపిస్తే ఆ నెలకు 3,000ను బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, నగదు ధరకే కొనండి.

మెకానిక్‌కు 2,000 ముందిచ్చి, మిగతా 500 పదిహేను రోజులు ఆడాక ఇస్తానని చీటీ రాయించుకోండి. ఆటోలో తెర వైపు కింద ఉండేలా పరుపు మీద బోర్లించి తీసుకెళ్లండి. బరువంతా ముందు అద్దంలోనే ఉంటుంది. వెనక మెడ సన్నం, దానికి దెబ్బ తగిలితే ట్యూబ్ పోయినట్టే. ఎత్తడానికి ఇద్దరుండాలి, ఇరవై కిలోలకు తగ్గదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉరుములు మొదలవగానే ప్లగ్గు, కేబుల్ రెండూ పీకేయండి. స్టెబిలైజర్ పిడుగును ఆపలేదు.