పాఠకుల ప్రశ్నలు: అక్కడి ఇల్లు, ఇక్కడి ఇల్లు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గర సొంత ఇల్లు కొనుక్కున్నాడు. "హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్" (సొంత ఇంట్లో కాపురముండేవారికి ఇంటి పన్నులో ఇచ్చే మినహాయింపు) ఇప్పిస్తామంటూ, అందుకు రుసుము చెల్లించమంటూ వాడికి ఒక ఉత్తరం వచ్చింది. నాకూ నా భార్యకూ 65 ఏళ్లు దాటాయి కనుక మేము వెళ్లి కొన్నాళ్లు ఉంటే పన్ను ఇంకా తగ్గుతుందని మిత్రులు అంటున్నారు. అప్పులవాళ్లు కూడా ఆ ఇంటి జోలికి రాలేరట. బ్రాడీపేటలోని మా ఇంటికి అలాంటి రక్షణ ఉందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టమనండి. ఈ మినహాయింపునకు దరఖాస్తు చేయడానికి రుసుమేమీ లేదు. ఇల్లు ఏ కౌంటీలో (మన జిల్లా వంటిది) ఉంటే అక్కడ పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికి మీ అబ్బాయే నేరుగా ఫారం పంపవచ్చు. చాలామంది డ్రైవింగ్ లైసెన్సు దగ్గరే చిక్కుకుంటారు. పాత అపార్ట్‌మెంట్ చిరునామా అలాగే ఉండిపోతే దరఖాస్తు ఆగిపోతుంది కనుక, లైసెన్సులో కొత్త ఇంటి చిరునామా మార్పించుకున్న తరువాతే ఫారం పంపడం మంచిది.

లాభం తక్కువేమీ కాదు. 2025 నుంచి అక్కడి ఇంటి పన్నులో భాగమైన పాఠశాలల పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసివేస్తున్నారు. అంటే 4,00,000 డాలర్ల ఇంటికి ఆ పన్ను 2,60,000 మీదే పడుతుంది. తరువాతి సంవత్సరాలలో పన్ను విధించే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకుండా పరిమితి కూడా వర్తిస్తుంది. అయితే ఇదంతా యజమాని స్వయంగా కాపురముంటున్న ప్రధాన నివాసానికి మాత్రమే.

వృద్ధులకిచ్చే అదనపు మినహాయింపు మీకు రాదు. ఆ ఇంటిలో హక్కు ఉండి, దానినే తన ప్రధాన నివాసంగా చేసుకున్న వ్యక్తికి 65 నిండితే అది వర్తిస్తుంది. చుట్టపుచూపుగా ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రుల వయసు లెక్కకు రాదు.

ఇక అప్పుల సంగతి. క్రెడిట్ కార్డు బాకీ వంటి మామూలు అప్పులకు ఆ ఇంటిని బలవంతంగా అమ్మించకుండా టెక్సాస్ రాజ్యాంగమే అడ్డుపడుతుంది, కానీ ఇల్లు కొనడానికి తీసుకున్న గృహరుణానికీ, ఇంటి పన్ను బకాయికీ ఆ రక్షణ వర్తించదు. మిత్రులు చెప్పకుండా వదిలేసేది ఈ సగాన్నే.

మన దగ్గర అంత విస్తృతమైన రక్షణ లేదు. సివిల్ ప్రక్రియా స్మృతి 60వ సెక్షను రైతు, కూలీ, ఇంటి పనివారు తాము నివసిస్తున్న ఇళ్లను కోర్టు జప్తు నుంచి కాపాడుతుంది. మీరు ఆ కోవలోకి రాకపోతే, ఎవరి అప్పుకైనా మీరు హామీ సంతకం పెట్టి ఉంటే, బ్రాడీపేట ఇంటికీ ఆ ముప్పు ఉన్నట్టే. ఇల్లు బ్యాంకుకు తనఖాలో ఉంటే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు డిక్రీ లేకుండానే బ్యాంకు దానిని స్వాధీనం చేసుకోగలదు. ఆ నోటీసు వస్తే గడువులోగా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి. దానికి బ్యాంకు 15 రోజులలో జవాబివ్వాలి.

నగరపాలక సంస్థకు ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే లభించే 5 శాతం రాయితీని టెక్సాస్ మినహాయింపుతో పోల్చకండి, అది ముందుగా కట్టినందుకే తప్ప సొంతంగా కాపురముంటున్నందుకు కాదు.