సర్వీసులో పోసిన ఆయిల్ వేరేదని తెలిశాక

అమ్మలూ,

నువ్వు పంపిన బిల్లు ఫోటో, కారు పుస్తకంలో పేజీ ఫోటో పక్కపక్కన పెట్టుకుని చూశాను. నీ అనుమానం సరైనదే. పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ30, నాణ్యతా వర్గం ఏసీఈఏ సీ3 అని ఉంది. బిల్లులో 15డబ్ల్యూ40, సీఐ-4 ప్లస్ అని పడింది. ఇంజిన్ పాడైపోయిందేమోనని రాత్రి నిద్ర పట్టలేదన్నావు. అంత టెన్షన్ అక్కర్లేదు. అలాగని వచ్చే సర్వీసులో చూసుకుందాంలే అని వదిలేసేదీ కాదు.

ముందుగా ఒక్కటి. ఊళ్ళో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ ఆయిల్ తీయించెయ్యకు. మీ నాన్నగారు ఈపాటికి ఆ సలహా ఇచ్చే ఉంటారు. తీయించేశాక షోరూం వాళ్ళు "పోసింది సరైనదేనండి, బిల్లులో పొరపాటు పడింది" అన్నారనుకో, నీ దగ్గర జవాబుండదు. ఆ ఆయిల్ ఇంజిన్‌లో ఉన్నంతవరకే నీ మాటకి బలం.

నిజంగానే బిల్లులో పొరపాటు పడి ఉండొచ్చు కూడా. పెద్ద షోరూముల్లో ఆయిల్ ఎక్కువగా డ్రమ్ముల్లో వస్తుంది, గొట్టంతో కొలిచి పోస్తారు. పోసేవాడు ఒకడు, లోపల కూర్చుని కంప్యూటర్‌లో కోడ్ ఎంచుకుని బిల్లు కొట్టేవాడు ఇంకొకడు. పక్క వరస మీద నొక్కితే అయిపోయె. కాబట్టి వెళ్ళగానే గొడవ పెట్టుకోకు. "నా బండికి ఏ డ్రమ్ములోంచి పోశారు? దాని లేబుల్ చూపించండి. చేసిన పనులు రాసే జాబ్ కార్డు కాపీ, స్టోర్స్‌లో ఆయిల్ ఇచ్చినట్టు రాసుకున్న వివరం ఇవ్వండి" అని అడుగు. బిల్లుదే తప్పని తేలితే సరిచేసిన బిల్లు తీసుకో, అక్కడితో సరి. సర్వీస్ అడ్వైజర్ మాత్రం ముందుగా "ఆయ్, రెండూ ఒకటేనండి మేడం" అంటాడు. ఒకటి కాదు.

ఇంకో సంగతి. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, బయటికి తీసి, ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది గ్రేడు చెప్పేసే పెద్దమనుషులు మన కోనసీమలో ఊరికొకరుంటారు. ఇన్నేళ్ళు షెడ్డు నడిపిన నాకే అది రాదు. వేడిగా ఉంటే ప్రతి ఆయిలూ పల్చగానే తగులుతుంది. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది కాబట్టి రంగుతోనూ తేలదు.

ఇక ఆ అంకెల సంగతి. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెప్పేది. 15డబ్ల్యూని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. రాజోలులో మాఘమాసం తెల్లవారుజామున కూడా దాంతో మనకి పని పడదు. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. దాన్ని సెంటీస్టోక్స్ అనే కొలతలో చెబుతారు. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. అంటే నీ కారులో పడింది ఒక మెట్టు చిక్కటిది. దానివల్ల ఇంజిన్ పట్టేయదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, బండి కొంచెం బరువుగా లాగుతున్నట్టుంటుంది. చెప్పినదానికన్నా పల్చటిది పోసి ఉంటే బండి తియ్యొద్దనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు మటుకు షోరూం దాకా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్ళొచ్చు.

"మన ఎండలకి చిక్కటి ఆయిలే మంచిది" అని మీ నాన్నగారు అన్నారని రాశావు. ఆయన ట్రాక్టరుకీ, రొయ్యల చెరువు మీద జనరేటరుకీ ఏళ్ళ తరబడి పోస్తున్నది ఆ 15డబ్ల్యూ40నే, వాటికి అది చక్కటి ఆయిలే. కానీ ఇంజిన్ లోపలి వేడి బయటి ఎండని బట్టి మారిపోదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంటుంది, అమలాపురంలో అయినా సిమ్లాలో అయినా ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని 90 డిగ్రీల దరిదాపుల్లో నిలబెడుతుంది. చిక్కదనాన్ని 100 డిగ్రీల దగ్గర కొలవడం కూడా అందుకే. ఈ ముక్క ఆయనకి మెల్లగా చెప్పు, బావగారితో వాదన నాకొద్దు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ అంకె కాదు, దాని పక్కనున్న సీఐ-4 ప్లస్. నీది బీఎస్6 డీజిల్, అంటే పొగ విషయంలో కొత్త కఠిన నిబంధనలకి తగ్గట్టు చేసిన బండి. పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది, పొగలోని మసిని పట్టుకుంటుంది. మసి నిండినప్పుడు బండి దానంతటదే 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. ఇంజిన్ కొద్దికొద్దిగా ఆయిల్‌ని కూడా కాలుస్తుంది కదా, ఆ ఆయిల్‌లో కలిపిన మందుల నుంచి బూడిద పుడుతుంది. కట్టెల పొయ్యిలో కట్టె కాలిపోయినా బూడిద మిగిలినట్టే, ఎంత వేడికీ అది పోదు, జల్లెడలోనే పేరుకుంటుంది. సీ3 ఆయిల్‌లో ఆ బూడిద 0.8 శాతం దాటకూడదని నియమం ఉంది. సీఐ-4 అన్నది 2002 నాటి వర్గం, డీపీఎఫ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, దానికా కట్టడి లేదు. నాలుగు రోజుల్లో ఏమీ కాదు. ఏడాదంతా అదే పోసుకుంటూ పోతే మాత్రం జల్లెడ ముందే మూసుకుపోతుంది, కొత్తది వెయ్యాలంటే చాలా ఖర్చు.

పైగా నీ తిరుగుడు రాజోలు నుంచి మలికిపురం బడి దాకా, కాలవగట్టు రోడ్డు మీద గేదెలని తప్పించుకుంటూ. డీపీఎఫ్‌కి ఇది అసలు పడదు. మసి కాల్చే పని సగంలో ఉండగానే నువ్వు బండి ఆపేస్తావు. అలా పదేపదే జరిగితే డీజిల్ కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గితే కంగారుపడతారు గానీ పెరిగితే ఎవరూ పట్టించుకోరు, అది ఇంకా చెడ్డది. కొత్త ఆయిల్ పోయించాక అప్పుడప్పుడు రావులపాలెం వెళ్ళి, సిద్ధాంతం వంతెన దాటి తణుకు దాకా హైవే మీద ఒకే వేగంతో నడిపి రా.

షోరూముకి వెళ్ళే ముందు విషయమంతా మెయిల్‌లో రాసి పంపు, కంపెనీ కస్టమర్ కేర్‌ని కూడా కలుపు. ఫోన్లో మాట్లాడింది రేపు ఎవరికీ గుర్తుండదు. అడగాల్సింది ఏమిటంటే: ఖర్చు వాళ్ళది, ఆయిల్ మొత్తం దించి, ఫిల్టరూ డ్రెయిన్ బోల్టు వాషరూ కొత్తవి వేసి, పుస్తకంలో ఉన్న ఆయిల్ నీ ఎదురుగా పోయాలి. ఫిల్టర్ పాతదే ఉంచుతామంటే ఒప్పుకోకు, దాని నిండా ఆ ఆయిలే ఉంటుంది. ఇంజిన్ లోపల కడగడానికి ఫ్లష్ కొట్టాలి, అది అదనం అంటే వద్దని చెప్పు. దించేటప్పుడు తేమ లేని శుభ్రమైన సీసాలో అరలీటరు పట్టించి, మూత మీద కాగితం అంటించి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. వాళ్ళు కాదన్న రోజున ల్యాబ్‌కి పంపడానికి అదే ఆధారం. సంతకం పెట్టమంటే పెట్టకపోవచ్చు, అప్పుడు వీడియో తియ్యి.

కొత్త జాబ్ కార్డు మీద "అంతకుముందు పోసిన ఆయిల్ గ్రేడు వేరు, ఉచితంగా మార్చాం" అన్న ముక్క తప్పకుండా రాయించు. రేపు వారంటీలో ఇంజినో డీపీఎఫ్ఫో ఇబ్బంది పెడితే ఆ ఒక్క వాక్యమే నిన్ను కాపాడుతుంది. ఉచితం అన్నారన్న మొహమాటంతో రాయించుకోకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఎంతకీ ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలావరకు అక్కడే తెములుతుంది. తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక నువ్వున్న చోటే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ గడువుంది, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇంజిన్‌కి ఏమీ కాకుండానే లక్షలొస్తాయని ఎవరైనా ఊరిస్తే నమ్మకు.

ఈలోగా ఆయిల్ తక్కువగా కనిపించినా చెరువు గట్టు మీది డబ్బాలోంచి పొయ్యనివ్వకు. మార్పించి తెచ్చిన రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున్నే చుక్క పడిందేమో చూడు. డ్రెయిన్ బోల్టు సరిగ్గా బిగించకపోతే అక్కడే తెలిసిపోతుంది. కొత్త బిల్లు చేతికి రాగానే, గేటు పాస్ తీసుకోకముందే ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే బండి బయటికి తియ్యి.

మీ మావయ్య