బరంపురం వీధుల్లో జాతి కుక్కలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

బస్టాండు దగ్గర దిక్కులేకుండా తిరిగే ల్యాబ్రడార్ ఎవరిదని అడిగారు. చన్నులు వేలాడుతూ, మెడపట్టీ ఒరిపిడికి జుట్టు ఊడిపోయి ఉంటే, పదేపదే ఈనించి వదిలేసినదే అయ్యుంటుంది. ఇంట్లోనే కుక్కపిల్లలు తీయించి అమ్ముకునేవాళ్లకు ఈనడం ఆగిన కుక్క తిండి దండగ. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం అలా అమ్మాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. 18 నెలలు నిండని ఆడకుక్కకు క్రాసింగ్ చేయించకూడదు, 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. పట్టించుకునేదెవరు? కుక్కను వదిలేయడం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే, కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టీ ఖర్చన్నమాట! పిల్లను కొనేముందు తల్లికుక్కను చూపించమనండి. సాకులు చెబితే కొనకండి.